ఎవరి వనం? ఎవరి భోజనం?



కార్తీకం వచ్చిందంటే కువైట్ తెలుగువాళ్ళ ఫోన్లకి తీరిక ఉండదు. వఫ్రాలోనో కబ్ద్‌లోనో ఒక మజ్రా మాట్లాడాలి, బస్సులు మాట్లాడాలి, వంటవాళ్ళని చూసుకోవాలి, పెద్దలకింత పిల్లలకింత అని టిక్కెట్టు పెట్టాలి. ఈ ఎడారిలో ఉసిరి చెట్టు ఎక్కడ దొరుకుతుంది? కుండీలో మొక్కని మోసుకొచ్చి మధ్యలో పెట్టి దాని చుట్టూ కూర్చుంటాం. తప్పేం లేదు. ఊరికి దూరంగా ఉన్నవాడు ఊరిని ఎలాగోలా గుర్తు చేసుకోవాలి కదా.

ఈసారి నాకు మూడు పిలుపులు వచ్చాయి. మొదటిది అందరి సంఘం అని చెప్పుకునే సంఘం నుంచి. రెండోది జిల్లా పేరు మీద. మూడోదాంట్లో "మనవాళ్ళందరూ" అని ఉంది. మనవాళ్ళంటే ఎవరో విడమరిచి రాయలేదు. రాయకపోయినా అర్థం కాని తెలుగువాడు లేడు. పుట్టిన ఊరిని, తిన్న కంచాన్ని వదిలి సముద్రం దాటి వచ్చినవాళ్ళం, కులాన్ని మాత్రం చెకిన్ లగేజీలో భద్రంగా తెచ్చుకున్నాం. దానికి బరువు లేదు కాబట్టి ఎయిర్‌పోర్టులో ఎవడూ ఆపడు.

మూడు పిలుపుల్లోనూ ఒక మాట మాత్రం ఉమ్మడిగా ఉంది: "సకుటుంబ సపరివార సమేతంగా విచ్చేయండి." ఈ ఉత్తరం ఆ ఒక్క మాట గురించే.

కువైట్‌లో కుటుంబం ఎవరికుంది? భారతీయులం ఇక్కడ సుమారు 10 లక్షల మందిమి, విదేశీయుల్లో మనమే ఎక్కువ. అందులో కడప సీమ నుంచి, రాజంపేట, రాయచోటి, కోడూరు, పుల్లంపేట వైపు నుంచి, ఇటు కోనసీమ, నరసాపురం, పాలకొల్లు వైపు నుంచి వచ్చినవాళ్ళలో ఎంతమందికి భార్యాబిడ్డలు పక్కన ఉన్నారు? ఇక్కడ కుటుంబం కావాలంటే జీతం కావాలి. ఆ జీతం హద్దు 450 దీనార్లుండేది, 2019లో 500 చేశారు. 2022లో కుటుంబ వీసాలు ఆపేశారు. 2024 జనవరిలో మళ్ళీ తెరిచినప్పుడు 800 దీనార్లన్నారు. కొన్ని ఉద్యోగాలకి మినహాయింపులున్నాయి, నిజమే. కానీ 120 దీనార్ల డ్రైవరుకి, 100 దీనార్ల క్లీనరుకి 450 అయినా ఒకటే, 800 అయినా ఒకటే. ఆకాశం ఎత్తు పెరిగిందని చీమ బాధపడదు.

అలాంటి మనిషికి ఊళ్ళో పెళ్ళాం, ముగ్గురు పిల్లలు, ముసలి తల్లి ఉన్నా ఇక్కడ అతని పేరు "బ్యాచిలర్". కుటుంబాలుండే పేటల్లో బ్యాచిలర్లకి ఇల్లు ఇవ్వకూడదని మునిసిపాలిటీ వాళ్ళని ఖాళీ చేయిస్తుంది. మనమూ ఆ మాటే పట్టుకున్నాం. "ఫ్యామిలీస్‌కి ఒక పక్క, బ్యాచిలర్స్‌కి ఒక పక్క" అని మజ్రాలో తాడు కట్టింది మునిసిపాలిటీ కాదు, మన కమిటీయే.

ఇక ఖాదిమ్ వీసా మీద, అంటే ఇరవై నంబరు అకామా మీద వచ్చిన ఆడవాళ్ళ సంగతి. వాళ్ళు బ్యాచిలర్ల పక్క కూడా ఉండరు. అసలు మజ్రాకే రారు. నేను వాళ్ళ గురించే రాయాలనుకున్నాను.

మా ఊరి పక్క ఊరి అక్క ఒకామె ఉంది. పేరు రాయను, పేరు రాస్తే ఆమె పని పోతుంది. వచ్చి ఆరేళ్ళయింది. పధ్నాలుగు మంది ఉన్న ఇంట్లో వంటపని. పొద్దున ఐదింటికి లేస్తే రాత్రి పదకొండు దాటాకే నడుము వాల్చేది. వచ్చినప్పుడు ఆమెకి తెలిసిన వంటలు సంగటి, కోడిపులుసు, ఉర్లగడ్డ తాళింపు, పండక్కి పాయసం. ఇప్పుడు మచ్‌బూస్ కళ్ళు మూసుకుని చేస్తుంది. జుబైదీ చేపని ఎలా వేయించాలో, రంజాన్‌లో హరీస్‌కి గోధుమల్ని ఎంతసేపు నానబెట్టి ఎంతసేపు మెదపాలో, లుగైమాత్ పాకం ఎక్కడ దించాలో ఆ ఇంటి కోడళ్ళకి తెలియదు, ఆమెకి తెలుసు. "మామా నా చేతి కూడే అడుగుతుంది తమ్ముడూ, హోటల్ది ముట్టదు" అని చెప్పేటప్పుడు ఆమె ముఖంలో కొంచెం గర్వం కూడా ఉంటుంది. ఎందుకుండకూడదు? పనితనం ఆమెదే కదా.

ఆ ఇంట్లో మధ్యాహ్నం భోజనం నేల మీద సుఫ్రా పరిచి, మధ్యలో పెద్ద పళ్ళెం పెట్టి, చుట్టూ తాత నుంచి మనవడి దాకా కూర్చుని ఒకే పళ్ళెంలో తింటారట. చూడ్డానికి బాగుంటుందని ఆమే చెప్పింది. ఆ పళ్ళెం మోసుకెళ్ళి పెట్టేది ఆమె. ఎత్తి తెచ్చేది ఆమె. తర్వాత వంటగదిలో, సింకు పక్కన, నిలబడి తినేది ఆమె.

"తిండికి కరువు లేదు తమ్ముడూ, అబద్ధం జెప్పకూడదు. కడుపు నిండా పెడతారు. ఒక్కదాన్నే తినేది, అదే పోదు లోపలికి."

ఆమెకి సెలవు పదిహేను రోజులకి ఒకసారి, శుక్రవారం మధ్యాహ్నం మూడు నుంచి ఏడు దాకా. అందులో రాను పోను గంటన్నర. మా ఖైతాన్ ఫ్లాటుకి వస్తుంది. మా ఆవిడ కూర్చోమంటే కూర్చోదు, నేరుగా పొయ్యి దగ్గరికి పోతుంది. వారమంతా వంట చేసిన మనిషి సెలవు నాడు కూడా వంటేనా అని మొదట్లో నాకు చిరాకేసేది. తర్వాత అర్థమైంది. ఐదున్నరకి ఆమె ఫోన్ తీసి కుక్కరుకి ఆనించి ఐమో కాల్ కలుపుతుంది. అప్పుడు ఊళ్ళో రాత్రి ఎనిమిది. పిల్లలిద్దరూ, నాయనమ్మా అన్నం పెట్టుకుని తినకుండా కాచుకుని ఉంటారు. పధ్నాలుగేళ్ళ కూతురు ఆ పూట వంట చేసి ఉంటుంది, గిన్నె ఫోన్ ముందుకి వంచి చూపిస్తుంది. "చింతపండు జాస్తి బోసినావు, రంగు జూడు" అంటుంది తల్లి. ఆ పిల్ల ఏడవ తరగతి నుంచి ఇలా ఫోన్‌లోనే వంట నేర్చుకుంది. అందరూ ముద్ద కలుపుకున్నాక ఈమె ఇక్కడ మొదటి ముద్ద పెట్టుకుంటుంది. సంగటి వేడిగా ఉన్నా ఆగుతుంది. నెట్ ఆగిపోతే చెయ్యి కూడా ఆగిపోతుంది.

నెలకి రెండు సార్లు, అరగంట చొప్పున. ఆ కుటుంబం కలిసి తినేది అంతే. వాళ్ళు పంపించమంటే వచ్చిన మనిషి కాదు, ఊళ్ళో బోర్లు ఎండి, అప్పు మీద అప్పై, ఏజెంటు చేతిలో మరో అప్పు పెట్టి వచ్చిన మనిషి. ఆమె పంపే దీనార్లతో ఆ కంచాల్లోకి కూడు వస్తోంది. కూడు తెచ్చే మనిషికి ఆ కంచం దగ్గర చోటు లేదు.

ఇప్పుడు చట్టం మాటకొద్దాం. కువైట్‌లో ఇంటి పనివాళ్ళకి చట్టం లేదని చాలామంది మనవాళ్ళు ఇప్పటికీ అనుకుంటారు. ఉంది. 2015 నాటి 68వ నంబరు చట్టం. రోజుకి 12 గంటలకి మించి పని చేయించకూడదు, వారానికో రోజు జీతంతో సెలవు, ఏడాదికి 30 రోజులు జీతంతో సెలవు, పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదు, పని మానేసేటప్పుడు ఏడాదికో నెల జీతం చొప్పున ఇవ్వాలి. 2016లో కనీస వేతనం 60 దీనార్లుగా పెట్టారు. గల్ఫ్‌లో అలాంటి చట్టం తెచ్చిన మొదటి దేశాల్లో కువైట్ ఒకటి, ఆ ఘనత ఇవ్వాలి. కానీ చట్టం వీధి గుమ్మం దాకా వస్తుంది, వంటగదిలోకి ఎవరు తీసుకెళ్తారు? పదిహేను రోజులకి నాలుగు గంటలు సెలవు ఇస్తున్న కఫీల్ తాను మంచివాణ్ణనే అనుకుంటున్నాడు. మా అక్క కూడా అలాగే అనుకుంటోంది! "పక్కింటి పిల్లకి అదీ లేదు తమ్ముడూ" అంటుంది.

మన ప్రభుత్వాలేం చేశాయి? 2014లో ఢిల్లీ ధైర్యం చేసి, పనిమనిషిని తెచ్చుకునే యజమాని 2,500 డాలర్ల బ్యాంకు గ్యారంటీ కట్టాలంది. 2017లో దాన్ని తీసేసింది. ఈసీఆర్ పాస్‌పోర్టున్న ఆడమనిషికి 30 ఏళ్ళు నిండాలన్న నిబంధన ఉంది. 2016 నుంచి వాళ్ళని ప్రభుత్వ ఏజెన్సీల ద్వారానే పంపాలన్నారు, మన రాష్ట్రాల్లో ఓంక్యాప్, టామ్‌కామ్ అలాంటివే. 2021 జూన్‌లో ఇంటి పనివాళ్ళ గురించి రెండు దేశాలూ ఒప్పంద పత్రం మీద సంతకాలు చేశాయి. కాగితాలు తక్కువేం లేవు. కానీ మా అక్కని అడిగితే ఇందులో ఒక్క పేరూ వినలేదంటుంది. ఆమెకి తెలిసిన ప్రభుత్వం ఏజెంటే.

ఫిలిప్పీన్స్‌ని చూడండి. వాళ్ళూ మనలాగే జనాన్ని పంపించి బతికే దేశమే. 2006 నుంచి తమ ఇంటి పనివాళ్ళకి 400 డాలర్లకి తగ్గకూడదని పట్టుబట్టింది. 2018లో తమ అమ్మాయి శవం ఫ్రీజర్‌లో దొరికితే మనుషుల్ని పంపడమే ఆపేసి, మే నెలలో కువైట్‌తో ఒప్పందం రాయించుకుంది. అందులో పాస్‌పోర్టు, ఫోను పనిమనిషి దగ్గరే ఉండాలని రాసుంది. ఆ ఒప్పందంతో అంతా బాగైపోయిందని నేననను, తర్వాతా హత్యలు జరిగాయి, 2023లో రెండు దేశాలకీ మళ్ళీ చెడింది కూడా. అయినా ఒక పనిమనిషి కోసం ఒక దేశం తలుపు మూసింది. మన అసెంబ్లీల్లో ఇలాంటి చర్చ ఒక పూటైనా జరగాలని అడుగుతున్నాను. ఎన్నికలప్పుడు మాత్రం ఇక్కడికి వచ్చి శాలువాలు కప్పించుకుని, బిర్యానీ తిని, విరాళాలు పట్టుకెళ్ళే నాయకులకి లోటు లేదు.

2024 డిసెంబర్‌లో ప్రధానమంత్రి కువైట్ వచ్చారు. భారత ప్రధాని ఇక్కడ అడుగుపెట్టడం 43 ఏళ్ళలో అదే మొదలు. మినా అబ్దుల్లాలో కార్మికుల శిబిరానికి వెళ్ళి మాట్లాడారు. మంచిదే. అదే ఏడాది జూన్ 12న మంగాఫ్‌లో కార్మికులుండే భవనం తగలబడి 40 మందికి పైగా భారతీయులు చనిపోయారు, అందులో మన ఆంధ్రావాళ్ళు ముగ్గురు. ఆ పరామర్శ బాకీ ఉంది. కానీ గమనించండి, శిబిరమైతే ప్రధాని వెళ్ళొచ్చు, టీవీ కెమెరా వెళ్ళొచ్చు. ఇంటి వంటగదికి ఏ ప్రధానీ వెళ్ళలేడు. అక్కడున్న మనిషి బయటికి వస్తేనే మనకి కనిపిస్తుంది. అందుకే ఆ వారపు సెలవు అంత ముఖ్యం. సెలవంటే విశ్రాంతి ఒక్కటే కాదు. ఒంటి మీద దెబ్బలుంటే ఆ రోజు ఎవరో ఒకరు చూస్తారు. జీతం రాకపోతే ఎవరో ఒకరు అడుగుతారు. కలిసి కూర్చుని అన్నం తినేచోటే ఈ మాటలు బయటికొస్తాయి, ఎంబసీ హెల్ప్‌లైన్‌కి ముందు.

ఇప్పుడు మన సంఘాల సంగతి. నిరుడు నేను ఒక కమిటీ ముందు ఈ మాటే పెట్టాను (ఏ కమిటీయో అడగొద్దు, అన్నీ దగ్గర దగ్గరే). వనభోజనాలు పొద్దున కాకుండా శుక్రవారం మధ్యాహ్నం పెడదాం, వఫ్రాలో కాకుండా ఊళ్ళోనే ఒక హాలు తీసుకుందాం, ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు టిక్కెట్టు లేకుండా వచ్చేలా చేద్దాం అన్నాను. ఒక పెద్దాయన "వాళ్ళొస్తే కంట్రోల్ చేయలేమండీ" అన్నాడు. ఇంకొకాయన "మన లేడీస్ ఫ్రీగా ఉండలేరు" అన్నాడు. మూడో ఆయన చాలా మంచివాడు, రక్తదాన శిబిరాలు పెడతాడు. ఆయన ఇలా అన్నాడు: "పోనీ వంట సాయానికి పిలుద్దాం. ఎంతో కొంత ఇద్దాం, వాళ్ళకీ ఆసరా."

నాకు నోట మాట రాలేదు. వారమంతా ఒక ఇంటికి వండి, ఉన్న నాలుగు గంటల సెలవూ మనకి వండాలి! ఆయన చెడ్డ మనసుతో అనలేదని నాకు తెలుసు. అదే నా బాధ. ఆ ఆడమనిషిని వంట లేకుండా ఊహించుకోవడం మనలో మంచివాళ్ళకి కూడా చేతకావడం లేదు.

కువైటీలని తిట్టడం తేలిక. పనిమనిషిని పక్కన కూర్చోబెట్టుకుని తినే మామాలు కూడా ఉన్నారు, విన్నాను. మన ఊళ్ళల్లో మన ఇళ్ళు గుర్తు తెచ్చుకోండి. పాచిపని చేసే ఆమెకి గూట్లో వేరే గ్లాసు, వేరే కంచం ఉండేవి కాదా? నిన్నటి సాంబారు ఆమెకి ఇచ్చి, ఇచ్చామని పొంగిపోలేదా? ఖైతాన్‌లో, సాల్మియాలో, మన తెలుగు ఫ్లాట్లలో పార్ట్‌టైం పనికి వచ్చే తెలుగు ఆడమనిషి ఏ గ్లాసులో టీ తాగుతోంది? మా ఇంట్లో కూడా మొదట స్టీలు గ్లాసు వేరే ఉండేది. నేనే కొన్నాను.

"ఇష్టపడే వచ్చారు కదా, ఎవరు రమ్మన్నారు" అనే వాదన ఒకటి ఉంది. మనమూ ఇష్టపడే వచ్చాం. ఆ లెక్కన మన ఓవర్‌టైం గురించి, మన ఇండెమ్నిటీ గురించి, పిల్లల స్కూలు ఫీజుల గురించి మనమెందుకు అరుస్తున్నాం? ఇంకొకటి, "మేం చేసే సేవ చాలదా" అని. చేస్తున్నారు. 2020 ఏప్రిల్‌లో జిలీబ్, మహబూలా పూర్తిగా మూసేసినప్పుడు బియ్యం, పప్పు, నూనె సంచులు కట్టి పంచిన చేతులు మనవే. ఆ రోజుల్లో ఎవరు ఫ్యామిలీ, ఎవరు బ్యాచిలర్, ఎవరు "మనవాళ్ళు" అని ఎవరూ అడగలేదు. 1990లో సద్దాం సేనలు వచ్చినప్పుడు కూడా అంతే. పాతవాళ్ళని అడగండి, లక్షా డెబ్బై వేల మంది మన దేశం విమానాలెక్కేదాకా, జోర్డాన్ శిబిరాల్లో ఇంజనీరూ వంటమనిషీ ఒకే వరసలో రొట్టెకి నిలబడ్డారు. కష్టంలో కలిసి తినగలిగిన మనకి కార్తీకంలో ఏం వచ్చింది?

కార్తీకం అనే మాట వచ్చింది కాబట్టి ఒకటి గుర్తు చేస్తాను. ఇదే నెలలో పల్నాడులో కారంపూడి వీరుల తిరునాళ్ళు జరుగుతాయి. అక్కడ ఇప్పటికీ చాపకూడు పెడతారు. పన్నెండో శతాబ్దంలో బ్రహ్మనాయుడు అన్ని కులాలనీ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టాడనీ, మాల కన్నమదాసుని సేనాని చేశాడనీ మనం తరతరాలుగా చెప్పుకుంటున్నాం. దాన్ని ఓర్వలేనివాళ్ళు అప్పుడూ ఉన్నారు. ఎనిమిది వందల ఏళ్ళ తర్వాత మనం ఫేస్‌బుక్‌లో బ్రహ్మనాయుడి బొమ్మ పెట్టి, కులం పేరు చెప్పకుండా కులానికి టిక్కెట్లు అమ్ముతున్నాం.

నేను అడిగేది పెద్ద విప్లవం కాదు. ఈ కార్తీకంలో వచ్చే ఒక శుక్రవారం, మధ్యాహ్నం మూడు నుంచి ఏడు. మాలియాకో ఖైతాన్‌కో దగ్గర, బస్సు దిగి నడిచి రాగలిగే చోట ఒక హాలు. టిక్కెట్టు లేదు, తాడు లేదు, వేదిక లేదు, శాలువా లేదు. వంట మగవాళ్ళం చేద్దాం, చెడిపోతే చెడిపోయిన కూరే తిందాం. వచ్చిన ఆడవాళ్ళ చేత ఒక్క గిన్నె కూడా కడిగించొద్దు. వైఫై గట్టిగా ఉండాలి, ఐదున్నరకి వాళ్ళ పిల్లలు ఊళ్ళో కంచాల ముందు కూర్చుంటారు. ఒక మూల 68వ నంబరు చట్టం తెలుగులో రాసిన కాగితాలు, ఎంబసీ నంబర్లు, వాళ్ళ మాట వినే ఇద్దరు ఆడవాళ్ళు. అలాగే రెండు రాష్ట్రాల ప్రభుత్వాలకీ మన సంఘాలన్నీ కలిసి ఒకే వినతిపత్రం ఇవ్వాలి: ఇక్కడికి పంపే ప్రతి ఇంటి పనివారి కాంట్రాక్టులో వారపు సెలవు తెలుగులో రాసి ఉండాలి, రెండేళ్ళకోసారి ఇంటికి పోయి రావడానికి టిక్కెట్టు యజమాని ఇవ్వాలి, ఇవ్వని కఫీల్‌కి మళ్ళీ మనిషిని పంపకూడదు.

కమిటీ పెద్దలకి ఈ ఉత్తరం విడిగా పంపాను. జవాబు ఇంకా రాలేదు. వచ్చినా రాకపోయినా ఆ శుక్రవారం మా ఇంట్లో పొయ్యి వెలుగుతుంది, ముప్పై మందికి సరిపడా గిన్నెలు అడిగి పెట్టుకున్నాను. ఇళ్ళ దగ్గర నుంచి తీసుకొచ్చి ఏడుకల్లా మళ్ళీ దింపడానికి కార్లు కావాలి. నా బండిలో నలుగురికి చోటుంది. మిగతా బండ్లు ఎవరివి?